బడిలో సంగీతాన్ని నిజమైన సబ్జెక్టుగా నడపడం ఎలా

మీ బడిలో సంగీతం ఉందా అని అడిగితే చాలామంది ఉందనే చెబుతారు. కాస్త తరచి అడిగితే తేలేదేంటంటే, పొద్దున ప్రార్థనలో ఒక పాట, వార్షికోత్సవానికి నెల ముందు హడావిడిగా రిహార్సల్స్, ప్రతిసారీ స్టేజీ ఎక్కే అదే ఏడెనిమిది మంది పిల్లలు. మిగతావాళ్ళు కింద కూర్చుని చప్పట్లు కొడతారు. దాన్ని కార్యక్రమం అనొచ్చు, సబ్జెక్టు అనలేం. అనుమానంగా ఉంటే ఒక్క ప్రశ్న వేసుకోండి: రెండో తరగతి పిల్లకి రానిది, మూడో తరగతి పిల్లకి సంగీతంలో ఏం వచ్చు? ఇదే ప్రశ్న లెక్కల గురించి అడిగితే ఏ టీచరైనా టక్కున చెబుతారు. సంగీతం దగ్గరికొచ్చేసరికి తెల్లమొహం వేస్తాం. ఆ జవాబు తయారుచేసుకోవడమే అసలు పని. టైంటేబుల్, టీచర్, వాయిద్యాలు అన్నీ దాని వెనకాల వచ్చేవే.

ఇది హెడ్మాస్టర్లకీ, క్లాస్ టీచర్లకీ, బడి కమిటీల్లో ఉండే తల్లిదండ్రులకీ రాస్తున్నాను. మీకు సంగీతం డిగ్రీ ఉండక్కర్లేదు.

ఒప్పించండి, కానీ మొజార్ట్ పేరు చెప్పి కాదు

యాజమాన్యం ముందు కూర్చోగానే నోటికి వచ్చే మొదటి మాట "సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయట సార్" అనే. ఆ మాట అనకండి. ఈ కథ ఎక్కడ మొదలైందంటే, 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మొజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త కట్టిన సొనాటా (ఒక రకం వాయిద్య సంగీతం) విన్నాక, ఆకారాల్ని మనసులో మడతపెట్టి ఊహించే ఒక రకం పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు, పది పదిహేను నిమిషాల్లో ఆ ప్రభావం పోయింది. అంతే. అందులో చిన్నపిల్లలు లేరు, సంగీతం నేర్పడం అసలే లేదు, కానీ చిలవలు పలవలు చేరి "మొజార్ట్ వింటే పిల్లల తెలివి పెరుగుతుంది" దాకా వెళ్ళింది. 2004లో గ్లెన్ షెలెన్‌బర్గ్ అనే సైకాలజిస్టు 144 మంది ఆరేళ్ళ పిల్లల మీద ఇంతకన్నా జాగ్రత్తగా పరీక్ష చేశాడు. కొందరికి కీబోర్డు, కొందరికి గాత్రం, కొందరికి నాటకం నేర్పించి, కొందరికి ఏమీ నేర్పలేదు. సంగీతం నేర్చుకున్నవాళ్ళ ఐక్యూ మిగతావాళ్ళకన్నా సుమారు మూడు పాయింట్లు ఎక్కువ పెరిగింది, నాటకం వాళ్ళేమో నలుగురితో మెలగడంలో బాగుపడ్డారు. 2020లో ఇలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సంగీతం బదులు వేరే ఏదైనా నేర్చుకున్న పిల్లలతో సరిగ్గా పోల్చిన చోట ఆ లాభం దాదాపు సున్నాకి వచ్చింది.

లెక్కల మార్కుల కోసం సంగీతం పెట్టించుకుంటే, మార్కులు తగ్గిన ఏడాది సంగీతమే ముందు పోతుంది. బొమ్మలు గీయడం, ఆటలు, చదవడం ఎందుకు నేర్పుతామో దీన్నీ అందుకే నేర్పుతామని సూటిగా చెప్పండి. మనుషులు చేసే ముఖ్యమైన పనుల్లో ఇదొకటి, ఇంట్లో ట్యూషన్ పెట్టించుకోలేని పిల్లలకి బడి తప్ప వేరే దారి లేదు. నా మట్టుకు నాకు ఈ రెండో కారణం ఒక్కటే చాలు.

మాటలకన్నా బాగా పనిచేసేది చేసి చూపించడం. అమెరికాలో ప్రభుత్వ బడుల పాఠ్యప్రణాళికలోకి సంగీతం మొదట వచ్చింది బోస్టన్‌లో, 1838లో. దానికి ముందు లోవెల్ మేసన్ అనే ఆయన ఒక బడిలో జీతం తీసుకోకుండా పాఠాలు చెప్పి, పిల్లల చేత పాడించి చూపించాడు. చూశాక కమిటీ వాళ్ళు ఒప్పుకున్నారు. మీరూ అలాగే ఒక్క తరగతి, ఒక్క టర్మ్ అడగండి. మొదటి వారంలో ఆ తరగతి మొత్తం పాడింది ఫోన్‌లో రికార్డు చేయండి, టర్మ్ చివర్లో అదే పాట మళ్ళీ రికార్డు చేయండి. రెండూ పక్కపక్కన వినిపిస్తే మీరు పెద్దగా వాదించక్కర్లేదు.

టైంటేబుల్ విషయం

ఇంగ్లండ్‌లో 2021లో వచ్చిన నమూనా సంగీత పాఠ్యప్రణాళిక ఐదు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి వారానికి కనీసం గంట ఉండాలని సూచించింది. ఆ గంట మీకు దొరికితే అదృష్టమే. దొరికితే చిన్న తరగతులకి ఒకే గంటగా పెట్టకండి, ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు పెట్టండి, ఎందుకంటే చెవి, గొంతు రెండూ వారానికోసారి సాధన చేస్తే నిలబడవు. అరగంటే దొరికితే అరగంటతోనే మొదలుపెట్టండి, కానీ ఆ అరగంటని గట్టిగా పట్టుకోండి. సైన్స్ సిలబస్ వెనకబడిందని ఒకసారి ఇచ్చారా, ఇక అది ఎప్పటికీ మీది కాదు. పరీక్షల నెలలో కూడా ఉండాలి, నిజానికి ఆ నెలలో పిల్లల టెన్షన్ చూస్తే అప్పుడే ఎక్కువ ఉండాలనిపిస్తుంది.

మూడు సెక్షన్లని హాల్లో కూర్చోబెట్టి ఒకేసారి కానిచ్చేద్దాం అనే సలహా ఎవరో ఒకరు తప్పకుండా ఇస్తారు. నూట ఇరవై మందిలో ఎవరు పాడుతున్నారో, ఎవరు పెదాలు ఆడిస్తున్నారో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఒక తరగతి, ఒక గది. పక్క గదిలో పరీక్ష జరగని సమయం చూసుకోండి, లేకపోతే మొదటి వారంలోనే గొడవ.

ఎవరు చెప్పాలి

చిన్న తరగతులకి క్లాస్ టీచరే చెప్పొచ్చు. కావలసినవి రెండే: ఒక చిన్న పాట శ్రుతి తప్పకుండా పాడగలగాలి, తాళం పరుగెత్తకుండా పట్టగలగాలి. గొంతు గొప్పగా ఉండక్కర్లేదు. పిల్లల్ని బట్టి పాఠం మార్చుకోవడం, ఎవడు దిక్కులు చూస్తున్నాడో పట్టుకోవడం క్లాస్ టీచరుకి ముందే వచ్చు, కచేరీలు చేసే విద్వాంసులకి ఒక్కోసారి అదే రాదు. బయటినుంచి సంగీతం మాస్టారు దొరికితే చాలా మంచిది, కానీ ఆయన వచ్చినప్పుడు క్లాస్ టీచర్ నోటుపుస్తకాలు దిద్దుకోవడానికి స్టాఫ్ రూమ్‌కి వెళ్ళిపోకూడదు. పక్కనే కూర్చుని పిల్లలతోపాటు పాడితే, ఆయన రాని వారం పాఠం ఆగదు.

మొదట లయ, ఆ వెంటనే గొంతు

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఆరేడేళ్ళ పిల్లలతో ఒక అరగంట ఎలా గడపొచ్చో చూడండి. అందరూ నిలబడతారు. మీరు ఏమీ చెప్పకుండా ఒక్కో అడుగుకి ఒక దెబ్బ చొప్పున అక్కడికక్కడే నడవడం మొదలుపెట్టండి, వాళ్ళు కలుస్తారు. మరీ నిదానంగా పెట్టకండి, చిన్నపిల్లలకి నెమ్మది తాళం పట్టడం కష్టం, నిమిషానికి నూరు దెబ్బలకి కాస్త పైన ఉంటే వాళ్ళ ఒంటికి సరిపోతుంది. నడక కుదిరాక దాని మీద తకధిమి అనండి, అడుగుకి ఒక అక్షరం. తర్వాత అడుగు అదే వేగంలో ఉంచి అడుగుకి రెండేసి అక్షరాలు. అప్పుడు సగం తరగతిని నడకలోనే ఉంచి, మిగతా సగం చేత రెండింతల వేగంలో చప్పట్లు కొట్టించండి. మొదటిసారి గందరగోళం అవుతుంది. చప్పట్ల వాళ్ళని చూసి నడిచేవాళ్ళు కూడా పరుగెత్తుతారు. ఆపి, తిట్టకుండా, మళ్ళీ మొదలుపెట్టండి. తాళం వేరు, దాని మీద నడిచే అక్షరాలు వేరు అని వాళ్ళకి బోర్డు మీద రాసి చెప్పక్కర్లేదు, కాళ్ళూ చేతులూ చెప్పేస్తాయి. స్విస్ సంగీత గురువు ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ వందేళ్ళకి పైగా కిందట తన పద్ధతినంతా ఈ ఆలోచన మీదే కట్టాడు: లయ ముందు ఒంటికి రావాలి, కాగితం మీదికి తర్వాత. తకిట, తకధిమి, తకతకిట మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి మూడు, నాలుగు, ఐదు లెక్కలు నోటితోనే వచ్చేస్తాయి, వేరే పరికరం అక్కర్లేదు.

పది నిమిషాలు అలా అయ్యాక కూర్చోబెట్టి పాట. ఇక్కడొస్తుంది శ్రుతి తంటా. ఆ వయసు పిల్లల గొంతు హాయిగా పలికేది కీబోర్డు మధ్యలో ఉండే డి నుంచి దానిపైన ఎ దాకా. మన లెక్కలో చెప్పాలంటే రెండు శ్రుతిలో సా పెట్టుకుంటే పా దాకా. పెద్దవాళ్ళు తమ గొంతుకి సుఖంగా ఉన్న చోట ఎత్తుకుంటారు. టీచరమ్మలు చాలామంది దీనికన్నా కిందే మొదలుపెడతారు, అప్పుడు పిల్లలు పాడరు, గుణుగుతారు. మాస్టార్ల గొంతయితే ఏకంగా ఒక స్థాయి (కింది సా నుంచి పై సా దాకా ఉన్నంత దూరం) కింద ఉంటుంది. కొందరు పిల్లలు దాన్ని తమ స్థాయికి ఎత్తుకుని పాడతారు, కొందరు మాస్టారి గొంతునే అందుకోబోయి లోపలికి పోయి ఏదో బొంగురు శబ్దం చేస్తారు, వాళ్ళకి శ్రుతి లేదని మనం ముద్ర వేసేస్తాం. మాస్టార్లు చేయగలిగింది ఏంటంటే, మొదటి స్వరం కీబోర్డు మీదో హార్మోనియం మీదో ఇచ్చి, శ్రుతిలో పాడే ఒక పిల్ల చేత మొదటి చరణం పాడించి, మిగతావాళ్ళని ఆ పిల్లతో కలవమనాలి. అరుపు వేరు, పాట వేరు అని కూడా మొదటి నెలలోనే చెప్పాలి. గట్టిగా పాడండి అనే మాట నోట్లోంచి రానివ్వకండి, పిల్లలు దాన్ని అరవమని అర్థం చేసుకుంటారు.

శ్రుతి కలవని పిల్లవాణ్ణి "నువ్వు ఊరికే పెదాలు కదుపు చాలు" అనడం బడుల్లో మామూలు. పుట్టుకతో స్వరభేదం పట్టలేనివాళ్ళు నిజంగా ఉన్నారు కానీ నూటికి ఒకరో ఇద్దరో, మిగతావాళ్ళంతా సాధన లేనివాళ్ళే. వాడితో ఇలా చేయండి: వాడికి తోచిన స్వరం ఒకటి పట్టుకుని ఊ అని సాగదీయమనండి, మీరే వెళ్ళి ఆ స్వరంలో కలవండి. కలిసినప్పుడు ఎలా ఉంటుందో వాడి చెవికి మొదటిసారి తెలుస్తుంది. తర్వాత మీరు ఒక్క మెట్టు పైకి జరిగి, వాణ్ణి రమ్మనండి. పక్కన అందరూ వింటుండగా కాదు, బెల్లు కొట్టాక రెండు నిమిషాలు. కొన్ని వారాలు పడుతుంది, కొందరికి నెలలు.

మెట్ల వరుస

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి వరుస అంటే ఏంటో చెప్పక్కర్లేదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, ఆ తర్వాతే వర్ణాలు, కృతులు. మాయామాళవగౌళ రాగంలో మొదలయ్యే ఈ క్రమాన్ని పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. దాన్ని పాఠ్యప్రణాళిక అని ఎవరూ పిలవకపోయినా అది అచ్చంగా అదే, దేని తర్వాత ఏది అన్నది తేలిపోయి ఉంది.

కానీ నలభై మంది ఉన్న తరగతికి దాన్ని యథాతథంగా దించేస్తే మాత్రం నడవదని నా అభిప్రాయం. గురువు ఎదురుగా ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఎవరి రిషభం (రి) జారిందో వెంటనే దిద్దొచ్చు, అందులోనూ మాయామాళవగౌళ రిషభం సా పక్కనే ఉంటుంది, గుంపులో అది పట్టుబడదు. హంగరీలో జోల్తాన్ కొడాయ్ అనే స్వరకర్త బాటలో నడిచినవాళ్ళు బడి కోసం వేరే దారి పట్టారు: ముందు పిల్లలకి తెలిసిన చిన్న చిన్న జానపదాలు, వాటిలోంచి రెండు స్వరాలు, తర్వాత మూడు, అలా. స్వరానికొక చేతి గుర్తు ఉంటుంది, అది ఆయన కనిపెట్టింది కాదు, ఇంగ్లండ్‌కి చెందిన జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో తయారుచేసినది. టీచర్ చేయి పైకి వెళితే స్వరం పైకి. మాట్లాడకుండానే తరగతి మొత్తాన్ని పాడించొచ్చు, గొంతు పోయిన రోజు టీచరుకి ఇంతకన్నా వరం లేదు.

జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ అనే స్వరకర్త ఇంకో చిట్కా వాడాడు. పలకలు ఊడదీయగల జైలోఫోన్లు (వరసగా పేర్చిన పలకల్ని చిన్న పుల్లలతో కొట్టి వాయించేవి) చేయించి, మ, ని పలకలు తీసేసి పిల్లలకి ఇచ్చేవాళ్ళు. మిగిలినవి స రి గ ప ద, అంటే మన మోహన రాగం స్వరాలే. వాటిలో ఏది కొట్టినా పక్కవాడు కొట్టినదానితో పెద్దగా పోట్లాట ఉండదు కాబట్టి, ఏమీ రాని పిల్ల కూడా మొదటి రోజే సొంతంగా నాలుగు దెబ్బల వరుస కట్టొచ్చు. మోహనంతో మొదలుపెట్టి, మ, ని తర్వాత కలిపి, చెవి కుదిరాక మాయామాళవగౌళకి వెళ్ళడం తరగతి గదికి సులువైన దారి.

తరగతుల వారీగా నేనైతే ఇలా పంచుతాను. ఒకటి, రెండు తరగతుల్లో లయ, శ్రుతి, నోటికి వచ్చిన ఓ పదిహేను పాటలు, రాత జోలికి పోను. మూడు నుంచి ఐదు దాకా స్వరాలు గుర్తుపట్టడం, విన్నది స్వరాల్లో చెప్పడం, రాయడం, ఒక పాట మీద ఇంకో గుంపు వేరే వరుస పట్టడం, సొంతంగా చిన్న వరుసలు కట్టడం. ఆరు నుంచి పైకి వాయిద్యం, కొత్త రకాల సంగీతం వినడం, పాటకి వరుస కట్టడం. మీ పంపకం వేరుగా ఉండొచ్చు, ఉండాలి కూడా, కాకపోతే కాగితం మీద రాసి ఉండాలి.

పాటల ఎంపికలో ఒక్క మాట. సినిమా పాట పనికిరాదని కొందరు అంటారు, నాకు ఆ పట్టింపు లేదు. చాలా సినిమా పాటలు రెండు స్థాయిల్లో తిరుగుతాయి, పల్లవి అందితే చరణం అందదు, ఇబ్బంది అదొక్కటే. పాట ఏదైనా ఐదారు స్వరాల్లో ఇమిడితే తీసుకోండి.

వాయిద్యాలు, పెద్ద పిల్లలు

వాయిద్యాలు ముందే కొనకండి. గొంతు, చప్పట్లు, బల్ల మీద దరువుతో రెండేళ్ళ పాఠం హాయిగా నడుస్తుంది. కొనేటప్పుడు ఐదు రకాలవి ఒక్కొక్కటి కాకుండా, ఒకే రకానివి ఎక్కువ కొనండి, లేకపోతే ఒకడు వాయిస్తుంటే ముప్పై తొమ్మిది మంది చూస్తుంటారు. రికార్డర్ అనే చిన్న పిల్లనగ్రోవి చాలా దేశాల బడుల్లో వాడతారు, ఎనిమిదేళ్ళకి ముందు ఇస్తే వేళ్ళు రంధ్రాల్ని పూర్తిగా మూయలేవు, గట్టిగా ఊదితే కీచుమంటుంది, అందరి కీచులూ కలిస్తే పక్క గది టీచర్ మీ గుమ్మంలో ఉంటారు. మెల్లగా, వెచ్చటి ఊపిరి వదలమనడం మొదటి పాఠంగా పెట్టండి.

పన్నెండు పదమూడేళ్ళకి మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది, ఆడపిల్లల గొంతులో కూడా మార్పు వస్తుంది, కానీ తక్కువ. ఆ దశలో పాడమంటే గొంతు విరిగి నలుగురూ నవ్వుతారని భయంతోనే చాలామంది అబ్బాయిలు సంగీతం మానేస్తారు. వాళ్ళకి నాలుగైదు స్వరాల్లో ఇమిడే వరుసలు ఇవ్వండి, కొన్ని నెలలు లయ వాయిద్యాల మీద పెట్టండి, అసలేం జరుగుతోందో తరగతిలో మామూలుగా చెప్పేయండి. వినికిడి తక్కువున్న పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టకండి, డప్పు మీద అరచేయి పెడితే కంపనం తెలుస్తుంది, తాళంలో వాళ్ళు బాగా కలవగలరు.

వినడం కూడా పాఠమే. పాట పెట్టి "వినండి" అంటే ఎవరూ వినరు. ముందు ఒక ప్రశ్న ఇచ్చి పెట్టండి: ఎన్ని వాయిద్యాలున్నాయి, మొదటి వరుస మళ్ళీ ఎప్పుడొచ్చింది, ఎక్కడ వేగం మారింది. మూడు నిమిషాలు మించొద్దు, కావాలంటే అదే మళ్ళీ పెట్టండి.

మార్కులా, వద్దా

మార్కులు లేకపోతే ఎవరూ పట్టించుకోరు, మార్కులు పెడితే పాడటానికి భయపడతారు. రెండూ నిజమే. అందుకని రిపోర్టు కార్డులో సంగీతం గడి ఉండాలి, అందులో అంకె బదులు చేయగలిగిన పని రాయాలి. పదహారు దెబ్బలు ఒంటరిగా తాళం తప్పకుండా పట్టగలడు. ముగ్గురిలో ఒకరిగా పాట పాడగలదు. నాలుగు దెబ్బల వరుస సొంతంగా కట్టి, మళ్ళీ అదే చేసి చూపించగలడు. ఈ చివరిది చాలా ఉపయోగపడుతుంది, ఎందుకంటే గాలికి వచ్చినదానికీ ఆలోచించి కట్టినదానికీ తేడా రెండోసారి చేయమన్నప్పుడే బయటపడుతుంది. గొంతు తీపిని మాత్రం ఎక్కడా లెక్కలోకి తీసుకోకండి, అది బడి నేర్పింది కాదు.

వార్షికోత్సవాన్ని తీసేయమని నేను చెప్పను, తీసేయమన్నా ఎవరూ తీయరు. రిహార్సల్స్ మాత్రం సంగీతం పీరియడ్‌లో పెట్టొద్దు. ఆ ఏడాది తరగతిలో నేర్చుకున్నదే స్టేజీ మీదికి తీసుకెళ్ళండి, ఆ తరగతి మొత్తాన్నీ ఎక్కించండి. వీడియోలో అందంగా రాదేమోనని ఎవరో ఒకరు గొణుగుతారు, గొణగనివ్వండి.

చివరగా, ఏ తరగతికి ఏ పాటలు అయ్యాయి, ఏ స్వరాల దాకా వచ్చారు, ఏ తాళం ఇంకా కుదరలేదు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి ఆఫీసులో ఉంచండి, మీ ఇంట్లో కాదు. టీచర్ బదిలీ అయినా, మానేసినా, వచ్చిన కొత్తవాళ్ళు మళ్ళీ మొదటి పాట దగ్గర మొదలుపెట్టకుండా ఆ పుస్తకంలో ఆగిన పేజీ దగ్గర అందుకోవాలి.